కాలనీ రోడ్డు మళ్లీ వేస్తున్నారు: వాకింగ్ ట్రాక్ అడగాలా, నడవగలిగే వీధి అడగాలా?

వేపచెట్టు (మియాపూర్)

అందరికీ నమస్కారం. మాది మియాపూర్ దగ్గర పాతికేళ్ల కిందటి కాలనీ. సొంతిళ్లూ, నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లూ కలిసి ఉంటాయి. డ్రైనేజీ పైపుల కోసం మా మెయిన్ రోడ్డంతా తవ్వారు, ఇప్పుడు కొత్తగా వేస్తామంటున్నారు, కాలనీ తరఫున ఏమైనా అడిగేది ఉంటే కాగితం మీద రాసివ్వమన్నారు. ఇలాంటి అవకాశం మళ్లీ ఎప్పటికో గాని రాదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

కమిటీలో ఎక్కువమంది మాట ఏమిటంటే, పార్కు చుట్టూ వాకింగ్ ట్రాక్ వేయించుకుందాం, పక్కన ఓపెన్ జిమ్ పెట్టించుకుందాం, రోడ్డు మాత్రం ఎంత వీలైతే అంత వెడల్పుగా వేయించుకుందాం అని. వాళ్లు అడిగేది ఆరోగ్యం కోసమే, తప్పు పట్టను. కానీ మా కాలనీలో ఆ పార్కుకి వాకింగ్ చేయడానికి వచ్చేవాళ్లు కూడా స్కూటీ మీదే వస్తారు, ఇంటి నుంచి పార్కు దాకా నడిచే దారి లేక. ఫుట్‌పాత్ అని పేరుకి ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని దాటితే ఎవరిదో కారు ర్యాంపు, ఆ తర్వాత మూత లేని మ్యాన్‌హోల్. స్కూలు అర కిలోమీటరు దూరంలోనే ఉంది, పిల్లలంతా ఆటోలోనో అమ్మానాన్నల బండి మీదో వెళ్తారు, మా బాబు కూడా అంతే. కిరాణా, కూరలు, మందుల షాపు కూడా అంత దూరంలోనే ఉన్నాయి, అయినా కూరగాయలకి బండి, పాలకి బండి, మందుల షాపుకి బండి.

పొద్దున్నే బూట్లు వేసుకుని చేసే నడక సంగతి సరే, పని మీద నడిచే నడక ఎందుకు పోయింది, రోడ్డు ఎలా వేస్తే అది తిరిగొస్తుంది, నా ప్రశ్న ఇదీ. ఇక్కడ ఇంజినీర్లు, డాక్టర్లు, వేరే దేశాల్లో ఉంటున్నవాళ్లు ఉన్నారు కదా, మా కాగితంలో ఏం రాయాలో చెప్పండి.

డాక్టర్_గుంటూరు

వేపచెట్టు గారూ, మా ఓపీలో రోజూ ఎదురయ్యే సమస్యే ఇది. షుగర్ వచ్చినవాళ్లకి "రోజూ అరగంట నడవండి" అని చీటీలో రాసిస్తాం. మూడు నెలల తర్వాత వచ్చి "మొదట్లో నడిచానండీ, తర్వాత కుదరలేదు" అంటారు. వాళ్లని బద్ధకస్తులంటే నేను ఒప్పుకోను. నడక కోసం వేరే టైము కేటాయించాల్సి వచ్చినప్పుడు, ఇంట్లో ఏ పని పడ్డా మొదట ఎగిరిపోయేది అదే.

దేశం పరిస్థితి చెబుతాను. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశమంతా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి: 10.1 కోట్ల మందికి షుగర్, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్కలో మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఒంటికి చాలినంత కదలిక లేదు. ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. ఈ తేడా చూడండి. ఇంటిపని అంతా చేసే ఆడవాళ్లకే కదలిక తక్కువ అని తేలుతోందంటే, గడప దాటి నడిచే వీలు వాళ్లకి ఎంత తక్కువగా ఉందో ఆలోచించాలి.

వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడిస్తే చాలని అదే సంస్థ అంటుంది. మీ స్కూలు లెక్కే తీసుకుందాం. అర కిలోమీటరు. పొద్దున దింపి రావడం, సాయంత్రం వెళ్లి తీసుకురావడం కలిపితే రెండు కిలోమీటర్లు, అంటే పాతిక నిమిషాలు. వారానికి ఆరు రోజులు బడి ఉంటే ఆ 150 నిమిషాలు అక్కడే అయిపోయాయి. ఎవరూ ట్రాక్ సూట్ వేసుకోలేదు, జిమ్ ఫీజు కట్టలేదు, పిల్లవాడికీ సగం నడక కలిసొచ్చింది.

ఇంకొకటి. 2016లో న్యూజీలాండ్‌లో షుగర్ ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడవడం కంటే మూడు పూటలా భోజనం తర్వాత పదేసి నిమిషాలు నడిస్తే తిన్నాక పెరిగే షుగర్ ఎక్కువ తగ్గింది, ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాత. రాత్రి తిన్నాక పది నిమిషాలు నడవాలంటే వీధిలో లైటు ఉండాలి, కాలు పెట్టే చోటు ఉండాలి. అందుకే మీ రోడ్డు కాగితం నా దృష్టిలో మందుల చీటీతో సమానం.

సూటిగా

మంచి మాటలే, కానీ నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమనుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఎవరు నడుస్తారండీ, విజయవాడ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫుట్‌పాత్ వేస్తే వారం తిరక్కుండా దాని మీద టిఫిన్ బండి, పక్కన బైకులు. రాత్రయితే కుక్కలు. అన్ని లక్షలు పోసి వేసి చివరికి కారు వెళ్లే చోటు తగ్గించి ట్రాఫిక్ జామ్ తెచ్చుకోవడమే. పార్కులో ట్రాక్ అయితే కనీసం గేటు ఉంటుంది, వాచ్‌మన్ ఉంటాడు, జాగ్రత్తగా ఉంటుంది. కమిటీ వాళ్లు అన్నదాంట్లో నాకు తప్పేమీ కనబడలేదు.

రోడ్ల_ఇంజినీర్_రాజమండ్రి

సూటిగా గారు అడిగినవి అందరూ అడిగేవే, కాబట్టి వివరంగా రాస్తాను. నేను రోడ్లు భవనాల శాఖలో చేసి రిటైరయ్యాను.

ఫుట్‌పాత్ మీద జనం ఎందుకు నడవరు? అది ఫుట్‌పాత్‌లా కట్టరు కాబట్టి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లది ఐఆర్‌సీ 103 అని పాదచారుల కోసమే ఒక ప్రమాణం ఉంది. ఇళ్లున్న వీధిలో ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, రోడ్డు మీద నుంచి ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు, అంటే ఆరంగుళాలు. 1.8 మీటర్లు ఎందుకంటే ఎదురెదురుగా రెండు చక్రాల కుర్చీలు వచ్చినా తప్పుకోగలగాలి. మన దగ్గర బైకులు ఎక్కకుండా అని అడుగు, అడుగున్నర ఎత్తు కడతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ అది ఎక్కలేదు. ఎక్కినా పది అడుగులకొక గేటు, ప్రతి గేటు దగ్గరా ఫుట్‌పాత్ తెగిపోతుంది, దిగాలి, మళ్లీ ఎక్కాలి. రెండు గేట్లు దాటేసరికి ఎవరికైనా విసుగొచ్చి రోడ్డు మీదికి దిగుతారు. అప్పుడు మనం "చూశారా, వేసినా ఎవరూ వాడరు" అంటాం.

కాబట్టి కాగితంలో మొట్టమొదట రాయాల్సింది ఇది: ఫుట్‌పాత్ మొదలైన చోటు నుంచి చివరిదాకా ఒకే మట్టంలో పోవాలి. పక్క వీధులు కలిసే చోట కూడా అదే ఎత్తులో దాటేలా టేబుల్ టాప్ వేయాలి. దాని మీదికి ఎక్కాలంటే కారు ఎలాగూ నెమ్మదిస్తుంది, ఆ చోట విడిగా స్పీడ్ బ్రేకర్ అక్కర్లేదు.

రెండోది వెడల్పు గురించి. మీది నలభై అడుగుల రోడ్డు అనుకుందాం, అంటే సుమారు 12 మీటర్లు. రెండు పక్కలా 1.8 చొప్పున ఫుట్‌పాత్ తీసేస్తే 8.4 మిగులుతుంది. రాకపోకలకి కలిపి 6 మీటర్లు, కాలనీ లోపలి రోడ్డుకి ఇది పుష్కలం. ఇంకా 2.4 మీటర్లు మిగిలాయి. అందులో చెట్లు, చెట్ల మధ్య బండ్లు ఆపే చోటు, కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్, చెత్త డబ్బా, ఇస్త్రీ బండి, అన్నీ ఆ పట్టీలోకి వెళ్లాలి. నడిచే 1.8 లోకి ఏదీ రాకూడదు. ఇలా చోటు ముందే కేటాయిస్తే టిఫిన్ బండి ఫుట్‌పాత్ ఎక్కాల్సిన పనే ఉండదు.

"ఎంత వీలైతే అంత వెడల్పు" అనే మాట మాత్రం దయచేసి కాగితంలో రాయకండి. ఖాళీ రోడ్డు వెడల్పుగా కనబడితే డ్రైవరు కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద పడుతుంది. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో మున్సిపల్ రోడ్ల మీద కార్లకి గరిష్ఠ వేగం గంటకి 70 కిలోమీటర్లు అని పెట్టారు, ఇది చాలామందికి తెలియదు. రాష్ట్రాలు తగ్గించుకోవచ్చు. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో చాలా దేశాల మంత్రులు కూర్చుని అనుకున్నారు. 30లో వచ్చే కారు తగిలితే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. వేగం పెరిగేకొద్దీ ఆ లెక్క తిరగబడిపోతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. రోజుకి తొంభై మంది. ఏ కారూ ఎక్కని మనుషులు వాళ్లు. ఈ అంకె ఎన్నిసార్లు చదివినా నాకు నిద్ర పట్టదు.

218_ప్రయాణికురాలు

ఇంజినీర్ గారూ, మీరు రాసింది ప్రింట్ తీసి మా ఆఫీసు గోడకి అంటించాలని ఉంది.

నేను రోజూ బస్సు ఎక్కేదాన్ని, కాబట్టి రోజూ నడిచేదాన్ని. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు, బస్సు, మెట్రో ఎక్కే ప్రతి మనిషీ రెండు చివర్లా నడవాల్సిందే. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక మా బస్టాపులో జనం ఎంత పెరిగారో చూస్తున్నాను. ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి మొదలైంది. టికెట్ అడ్డు పోయింది సరే, బస్టాపు దాకా దారి ఏది?

వేపచెట్టు అక్కా, మీ కాలనీ మియాపూర్ అంటున్నారు, 2017లో మెట్రో మొదలైందే మీ దగ్గర్నుంచి. మీ గేటు నుంచి స్టేషన్ దాకా ఒకసారి నడిచి చూడండి, ఎక్కడెక్కడ రోడ్డు మీదికి దిగాల్సి వచ్చిందో గుర్తు పెట్టుకోండి. హైవే దాటడం ఇంకో గండం. సిగ్నల్స్ తీసేసి యూటర్న్‌లు పెట్టాక బండ్లు ఎక్కడా ఆగవు, ఆగకపోతే మనిషి ఎప్పుడు దాటాలి? చంటిపిల్లని చంకనేసుకుని డివైడర్ మీద నిలబడిపోయిన ఆడవాళ్లని ఈ ఊళ్లో ఎవరు చూడలేదు? ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉందిగా అంటారు. మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగమని కారువాణ్ణి ఎవరైనా అడుగుతారా?

లైట్ల గురించి కూడా రాయండక్కా. మన వీధి లైట్లన్నీ రోడ్డు మధ్యలోకి వెలుగు పడేలా ఉంటాయి, చెట్ల కింద ఫుట్‌పాత్ చీకటి. ఇంకా కాంపౌండ్ గోడలు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ప్రతి ఇంటికీ వీధి వైపు అరుగు ఉండేది, సాయంత్రం ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్లు, చీకటి పడ్డాక వీధిలో నడవాలంటే భయం అనేదే లేదు. ఇప్పుడు ఏడడుగుల గోడ, దాని మీద గాజుపెంకులు. వీధి వైపు చూసే కిటికీ ఒక్కటీ లేదు. రోడ్డు డిజైన్‌తో పాటు గోడల డిజైన్ కూడా మారాలని నా అభిప్రాయం.

ఫ్రిస్కో_టెక్సస్

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. మా చుట్టుపక్కల సగం ఇళ్లు తెలుగువాళ్లవే. ఇక్కడి అనుభవం మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా సబ్‌డివిజన్‌లో సైడ్‌వాక్ ఎంత బాగుంటుందో చెప్పలేను. గుంట లేదు, ర్యాంపు అడ్డం లేదు, పక్కన పచ్చిక. అయినా ఎవరూ నడవరు. ఎందుకంటే నడిచి వెళ్లడానికి ఏమీ లేదు! ఇళ్ల చోట ఇళ్లే ఉండాలి, షాపుల చోట షాపులే ఉండాలి అని జోనింగ్ రూల్స్. పాలు కావాలంటే ఆరు వరసల రోడ్డు దాటాలి, దాని మీద కార్లు గంటకి 45 మైళ్లతో పోతుంటాయి. అమ్మానాన్న ఆరు నెలలు ఉండిపోదామని వస్తారు, రెండో వారానికే "ఇక్కడ జైల్లో ఉన్నట్టుంది రా" అంటారు. నర్సరావుపేటలో నాన్న రోజూ పేపరుకి, టీకి, గుడికి, కూరలకి అంటూ నాలుగైదుసార్లు బయటికి వెళ్లి వచ్చే మనిషి. ఇక్కడ ఎక్కడికి పోవాలన్నా నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా చూడాలి. వచ్చిన ప్రతిసారీ బీపీ పెరిగే తిరిగి వెళ్తారు.

అమెరికాలో 1969లో ఎనిమిదో తరగతి లోపు పిల్లల్లో 48 శాతం నడిచో సైకిల్ మీదో బడికి వెళ్లేవాళ్లు. 2009కి 13 శాతం. ఊళ్లు కట్టిన పద్ధతి మారింది, బళ్లు ఊరి చివర పెద్ద స్థలాల్లోకి పోయాయి. ఇప్పుడు దాన్ని సరిచేయడానికి 2005 నుంచి కేంద్రం డబ్బులిచ్చి స్కూలు దారుల్లో సైడ్‌వాక్‌లు, క్రాసింగులు కట్టిస్తోంది.

వేపచెట్టు గారూ, మీ కాలనీలో స్కూలు, కిరాణా, మందుల షాపు, కూరలు అన్నీ అర కిలోమీటరులో ఉన్నాయన్నారు చూడండి, అది ఇక్కడ ఎన్ని కోట్లు పెట్టినా రాదు. మీకు కష్టమైన సగం ఇప్పటికే ఉంది, దారి ఒక్కటే తక్కువ. ఆ షాపుల్ని ఎవరైనా "కాలనీలో కమర్షియల్ వద్దు" అని తీయించాలని చూస్తే మాత్రం ఒప్పుకోకండి.

హౌటెన్_నుంచి

నేను నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ పక్కన హౌటెన్ అనే చిన్న ఊళ్లో ఉంటాను. యాభై వేల జనాభా. ఇది సైకిల్ కోసం ప్లాన్ చేసి కట్టిన ఊరు, అందుకని రాస్తున్నాను.

దీని కిటుకు చాలా సులువు. ఊరి చుట్టూ ఒక రింగు రోడ్డు. ఒక పేట నుంచి ఇంకో పేటకి కారులో వెళ్లాలంటే బయటికెళ్లి రింగు రోడ్డు ఎక్కి చుట్టి రావాలి. సైకిల్ మీదో నడిచో అయితే ఊరి మధ్యలోంచి నేరుగా వెళ్లిపోవచ్చు. బళ్లు ఆ సైకిల్ దారుల పక్కనే ఉంటాయి. రైల్వే స్టేషన్ ఊరి నడిబొడ్డున, దాని కిందే సైకిళ్ల స్టాండు. కారుని ఎవరూ నిషేధించలేదు, ప్రతి ఇంటికీ కారు వెళ్తుంది. దగ్గరి పనికి సైకిలే త్వరగా చేరుస్తుంది, అంతే. మా పాప ఏడేళ్లది, స్నేహితురాలితో కలిసి తన సైకిల్ మీద బడికి వెళ్తుంది, నాకు టెన్షన్ లేదు.

సూటిగా గారు తప్పకుండా అడుగుతారు, వాళ్లది వేరు, మనది వేరు అని. 1971లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. అప్పుడు ఇక్కడి వీధులు కూడా కార్లతో కిక్కిరిసి ఉండేవి. "పిల్లల హత్యలు ఆపండి" అనే పేరుతోనే తల్లిదండ్రులు వీధుల్లో కూర్చున్నారు. 1973లో చమురు కొరత వచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే ఖాళీ రోడ్ల మీద పిల్లలు ఆడుకున్నారు, జనానికి రుచి తెలిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి వీధి వెంట వీధి మార్చుకుంటూ వచ్చారు. ఇది వాళ్ల రక్తంలో ఉన్నదేమీ కాదు, పోరాడి తెచ్చుకున్నది.

సూటిగా

హౌటెన్ తమ్ముడూ, చదివాను, బాగుంది. పిల్లల సంగతి చదివాక నా మనసు కూడా కొంచెం కదిలింది, దాయను. కానీ మన దగ్గర సైకిల్ ట్రాక్ వేస్తే ఏమైంది? హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకలతో నీడ కూడా ఇచ్చి వేశారు. అది చూసి వచ్చాను, ఎంతో బాగుంది. శని ఆదివారాల్లో సైకిల్‌ని కారుకి కట్టుకొచ్చి తొక్కి పోతున్నారు. మామూలు రోజుల్లో పనికి వెళ్లేవాళ్లు ఎందరు? ఎండకి కూడా ఎవరూ జవాబివ్వలేదు.

రోడ్ల_ఇంజినీర్_రాజమండ్రి

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది సార్. ఆ ట్రాక్ నిజంగా మంచి కట్టడం, మండే ఎండలో కూడా నీడ ఇస్తే సైకిల్ తొక్కుతారని చూపించింది. కానీ అది ఓఆర్ఆర్ వెంట ఉంది. కూరల మార్కెట్ ఓఆర్ఆర్ వెంట ఉండదు, బడీ ఉండదు. వ్యాయామం కోసం వేసిన ట్రాక్ వ్యాయామానికే పనికొస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బండ్లు ఆపేస్తారు, వందల మంది నడుస్తారు, అదీ మంచిదే, అదీ వ్యాయామమే. వేపచెట్టు గారు అడిగేది దాని తర్వాతి మెట్టు.

ఎండకి మందు చెట్టు, వేరే ఏదీ లేదు. కానుగ, వేప, నేరేడు. నేను చెప్పిన 2.4 మీటర్ల పట్టీలో వేసేయండి. వేర్లకి మట్టి వదలాలి, మొదలు చుట్టూ సిమెంటు పోసేస్తే నీళ్లు దిగక చెట్టు వాడిపోయి ఏదో గాలివానకి పడుతుంది. కోనోకార్పస్ మాత్రం వద్దు. తొందరగా పెరుగుతుందని తెచ్చి నాటారు, పుప్పొడితో జనానికి ఇబ్బంది, వేర్లు పైపుల్లోకి పోతాయి. ఇంకోటి, మే నెల మధ్యాహ్నం ఎవరూ నడవకపోతే పోనీయండి. ఉదయం, సాయంత్రం, మిగతా నెలలు లేవా?

కుక్కలది డిజైన్ సమస్య కాదుగాని, చెత్త ఒకచోట కుప్ప పడకుండా చూస్తే సగం తగ్గుతుంది. మిగతా సగం స్టెరిలైజేషన్ చేయాల్సినవాళ్లు చేయాలి.

బడిపంతులు_శ్రీకాకుళం

సైకిల్ మాట వచ్చింది కాబట్టి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. మనకి సైకిల్ కొత్త కాదు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి సైకిల్ డబ్బులిచ్చారు. ఆ పథకాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు ఆడపిల్లల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయని తేల్చారు. మన దగ్గర "బడికొస్తా" పేరుతో సైకిళ్లు ఇచ్చినప్పుడు మా బడి పిల్లల ముఖాలు చూశాను నేను.

కానీ అదే పిల్ల ఇంటర్‌కి టౌనుకి వెళ్తే సైకిల్ మూలన పడుతుంది. లారీల పక్కన తొక్కలేదు. అమ్మానాన్న తొక్కనివ్వరు, వాళ్ల భయంలోనూ న్యాయం ఉంది. సైకిల్ ఇవ్వడం ఒక్క బడ్జెట్‌తో అయిపోయే పని, సైకిల్ తొక్కే రోడ్డు ఇవ్వడం అలా కాదు.

వేపచెట్టమ్మా, మీ కాలనీ లోపల విడిగా సైకిల్ ట్రాక్ అడక్కండి, చోటు చాలదు. బండ్ల వేగం 30 లోపు ఉంటే పిల్లలు రోడ్డు మీదే తొక్కుతారు. స్కూలు దగ్గర సైకిల్ స్టాండు మాత్రం అడగండి, నీడ ఉన్నది.

కిరాణా_వన్‌టౌన్

నేను విజయవాడ వన్‌టౌన్‌లో షాపు నడుపుతాను. ఇలాంటి చర్చల్లో షాపువాళ్లంటే ఫుట్‌పాత్ ఆక్రమించేవాళ్లు అని తీసిపారేస్తారు కాబట్టి మా వైపు కూడా వినండి.

షాపు ముందు పార్కింగ్ తీసేస్తాం అనగానే మాలో అందరికీ గుండెల్లో రాయి పడుతుంది. నిజం. అద్దెలు కట్టాలి. కానీ నా గల్లా పెట్టె దగ్గర కూర్చుని చూసింది చెబుతాను. కారులో వచ్చేవాడు నెలకోసారి వస్తాడు, ఇప్పుడు వాడు కూడా ఫోన్లో పది నిమిషాల్లో తెప్పించుకుంటున్నాడు. నన్ను నిలబెట్టింది నడిచి వచ్చేవాళ్లు. రోజూ వస్తారు, అర కిలో పంచదార, ఒక సబ్బు, పోతూ పోతూ పిల్లవాడికి బిస్కెట్ ప్యాకెట్. వీధిలో నడిచేవాళ్లు తగ్గితే ముందు మునిగేది మేమే.

చెన్నైలో పాండీ బజార్ 2019లో మార్చాక వెళ్లి చూశాను. వెడల్పాటి ఫుట్‌పాత్‌లు, కూర్చోవడానికి బల్లలు, షాపుల ముందు జనం. డెన్మార్క్ వాళ్ల కోపెన్‌హాగన్‌లో 1962లో పెద్ద బజారు వీధిలో కార్లు ఆపేసినప్పుడు కూడా వ్యాపారులు గోలపెట్టారు, ఇవాళ ఆ వీధి నడిచేవాళ్లతో నిండి ఉంటుందని చదివాను.

ఒక్క మనవి. సరుకు దించుకోవడానికి ఆటో ఆగే చోటు, దానికొక టైము ప్లానులో పెట్టండి. తోపుడు బండ్లవాళ్లని తరిమేయకండి, 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లకి హక్కు ఉంది, కమిటీ వేసి చోటు చూపించాలి. మొక్కజొన్న కాల్చే బండి ఉన్న మూలలో రాత్రి తొమ్మిదింటికి కూడా ఆడవాళ్లు ధైర్యంగా నిలబడతారు, 218 చెల్లెమ్మ చెప్పిన అరుగు లాంటిదే అది.

హనుమకొండ_చక్రాలు

నేను చక్రాల కుర్చీలో తిరుగుతాను. మా వరంగల్‌లో భద్రకాళి బండ్ కట్టాక చెరువు పక్కన సాయంత్రం తిరగడం నాకెంత ఇష్టమో చెప్పలేను. కానీ అక్కడికి పోవాలంటే ఆటోలో ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలె. బండ్ మీద స్వేచ్ఛగా ఉంటా, ఇంటి ముందు వీధిలో ఖైదీని.

ర్యాంపు పెట్టినం అంటరు, అది గోడలెక్క నిటారుగ ఉంటది. బైకులు రాకుండా కడ్డీలు పాతుతరు, వాటి మధ్య నా కుర్చీ పట్టదు. కడ్డీకీ కడ్డీకీ మధ్య ఒక మీటరుకి తగ్గకుండా వదిలిపెట్టమని రాయండి. చూపు లేనివాళ్ల కోసం గీతల పసుప్పచ్చ టైల్స్ వేస్తరు, అవి తిన్నగ పోయి కరెంటు స్తంభానికి తగులుతయి. నా మిత్రుడు ఒకడికి అట్లనే నుదురు పగిలింది.

2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగం, వికలాంగులకి కూడా అనువుగా ఉండాలి అని. మీ కాగితంలో ఆ మాట మొదటి వాక్యంగా పెట్టండి మేడమ్. అది మనకి దయ చేసి ఇచ్చేది కాదు, మన హక్కు. నాకు పనికొచ్చే ఫుట్‌పాత్ ఉంటే గర్భిణికీ పనికొస్తది, పసిపాపని తోపుడు బండిలో తీసుకుపోయే తల్లికీ, మీ అత్తగారికీ పనికొస్తది.

వేపచెట్టు (మియాపూర్)

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి ఇవన్నీ ఇంట్లో చదివి వినిపించాను. మా అత్తగారు డాక్టర్ గారి లెక్క విని "నా కాళ్లు బాగుంటే బాబుని నేనే నడిపించుకెళ్తాను, ఎత్తు మెట్లు లేకుండా చూడు" అన్నారు. కమిటీలో ఇద్దరు మనవైపు వచ్చారు, ఇంకా అందరూ రాలేదు. పార్కు ట్రాక్ వద్దని అనడం లేదు, రోడ్డు డబ్బు రోడ్డుకే వాడి, పార్కుకి విడిగా అడుగుదాం అని ఒప్పించే ప్రయత్నంలో ఉన్నాను.

ఇప్పటికి రాసింది ఇదీ: సుప్రీంకోర్టు మాటతో మొదలు. రెండు పక్కలా 1.8 మీటర్ల ఫుట్‌పాత్, ఆరంగుళాల ఎత్తు, మధ్యలో ఏ స్తంభమూ లేకుండా. రాకపోకలకి 6 మీటర్లు. మిగిలిన పట్టీలో వేప, కానుగ, బండ్లు ఆపే చోటు, తోపుడు బండ్లకి చోటు, సరుకు ఆటోకి చోటు. స్కూలు గేటు ముందు టేబుల్ టాప్ క్రాసింగ్, కాలనీ అంతటా వేగం 30 దాటకూడదని బోర్డులు. నడిచే చోట వెలుగు పడేలా పొట్టి దీపాలు. మెట్రో స్టేషన్ దాకా దారి మా కాలనీ పరిధిలో లేదు, దానికి పక్క కాలనీలతో కలిసి వేరే కాగితం ఇస్తాం. 218 చెల్లీ, ఆ దారి నడిచి చూసేటప్పుడు నువ్వు కూడా రావాలి.

218_ప్రయాణికురాలు

ఆదివారం పొద్దున వస్తానక్కా. ఫోటోలు తీద్దాం, ఏ ఫోటో ఏ షాపు ముందు తీశామో అక్కడికక్కడే రాసుకుందాం, లేకపోతే తర్వాత గుర్తుండదు.

సూటిగా

వేగం 30 అని బోర్డులు పెడితే ఎవరూ చూడరండీ. నేను పాతికేళ్లుగా డ్రైవ్ చేస్తున్నాను, రోడ్డు సాఫీగా తిన్నగా ఉంటే బోర్డు కంటికి ఆనదు. నిజంగా నెమ్మది కావాలంటే రోడ్డే అలా కట్టించండి. అది చేయిస్తే మా కాలనీకి కూడా ఆ కాగితం నకలు పంపండి, మాది నిజాంపేట, మాకూ పైపుల పని నడుస్తోంది.

రోడ్ల_ఇంజినీర్_రాజమండ్రి

సూటిగా గారు సరిగ్గా పట్టుకున్నారు. బోర్డులతో పాటు మూల మలుపుల గురించి ఒక వాక్యం చేర్చండి: పక్క వీధిలోకి తిరిగే మూలని పెద్ద వంపుగా చెక్కకుండా బిగుతుగా ఉంచాలి. వంపు పెద్దదైతే కారు వేగం తగ్గించకుండానే తిరిగేస్తుంది, అక్కడ దాటే పిల్లవాడికి దాటాల్సిన దూరం కూడా పెరుగుతుంది. ఇంకా కాగితంలో "గేట్ల దగ్గర ఫుట్‌పాత్ దిగకూడదు, బండే ఎక్కి దిగాలి" అని విడిగా రాయండి, కాంట్రాక్టరు మొదట వదిలేసేది అదే. పాత తారు మీదే కొత్త పొర వేయకుండా గీకి తీసి వేయమనండి, లేకపోతే ఒక్కో పొరకీ రోడ్డు పైకొచ్చి వానాకాలం నీళ్లు మీ గేట్లలోకి వస్తాయి. ఎస్టిమేట్ కాపీ అడిగి తీసుకుని ఇక్కడ కొలతలు పెట్టండి, నేను చూసి చెబుతాను.